కేసీ కెనాల్ గట్టున కూర్చోని ఫ్రాన్సు కాలవ పక్క మూతబడిన స్టేషన్ మోడల్ చేసుకునేది ఎట్ల

మా ఇల్లు కర్నూల్లో కేసీ కెనాల్‌కు కూతవేటు దూరం, చిన్నప్పటి నుంచి ఆ గట్టు మీద తిరిగినోన్ని, అందుకేనేమో మా అక్క కూతురు చదువుకోడానికి ఫ్రాన్సులో టూలూజ్‌కు పోయి ఒక ఆదివారం కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుతా "మామా ఇది చూడు, నీకోసమే పెట్టినట్టుంది" అని నాలుగు ఫోటోలు పంపిస్తే ఇంక నాకు కుదురు లేకుండా పోయింది. మూతబడిన పల్లెటూరి రైల్వే స్టేషన్ అది. కిటికీలకు సిమెంటు దిమ్మెలు పెట్టి కట్టేసినారు, పట్టాలు లేవు, ప్లాట్‌ఫారం అంచు మీద ముండ్ల తీగ పారింది, కానీ కొంచెం అవతల కాలవ మాత్రం నిండుగా, గట్టు గడ్డి కోసి శుభ్రంగా ఉంది. ఆ స్టేషన్ పేరు ఈడ రాయను, అది ఇప్పుడు ఎవరిదో సొంత ఆస్తి.

దాన్ని హెచ్‌ఓ స్కేల్లో, అంటే అసలు దాంట్లో 87వ వంతు సైజులో, ఒక పలక మీద చేసుకున్నాను. రాత్రి పూట గంట, ఆదివారం మూడు గంటలు, అట్ల ఎనిమిది నెలలు పట్టింది. బయట దేశం నుంచి తెప్పించింది దాదాపు ఏమీ లేదు, అన్నీ కర్నూలు బజార్లో దొరికేవే. మీలో ఎవరికైనా ఇట్లాంటి ఆశ ఉంటే మొదలుపెట్టండి, నేను చేసిన వరసలోనే చెప్తా, నేను పొరపాటు పడిన చోట కూడా చెప్తా.

మొట్టమొదట కట్టర్ పట్టుకోవద్దు, ఏ సంవత్సరం అనేది తేల్చుకోండి. ఇది చానామంది వదిలేస్తారు, పాత బిల్డింగు అంటే పెచ్చులూడిన గోడ, విరిగిన కిటికీ, మకిలి రంగు అనుకోని మొదలుపెడతారు, చివరికి అది ఏ దేశానిదో ఎప్పటిదో తెలీని పాడుబడిన ఇల్లు అయితాది. స్టేషన్ ఒక్కరోజులో చచ్చిపోదు. ఫ్రాన్సులో అంతకుముందు రైల్వే కంపెనీలు వేరువేరుగా ఉండేవి, వాటన్నిటినీ కలిపి 1938 జనవరి 1న ఎస్ఎన్‌సీఎఫ్ అనే ఒకే జాతీయ రైల్వే సంస్థ చేసినారు, ఆ 1938, 39లోనే చిన్న చిన్న పల్లె లైన్లలో జనం ఎక్కే బండ్లు చానా వరకు ఆపేసి బస్సులు పెట్టినారు. జనం బండి పోయినా గూడ్సు మాత్రం ఇంకా కొన్నేండ్లు, కొన్ని చోట్ల దశాబ్దాలు, నడిచింది, ధాన్యం ఎరువు కట్టె అట్లాంటివి. ఆ తర్వాత గూడ్సు కూడా నిలిచిపోతాది, కొన్నాళ్లు పట్టాలు తుప్పు పట్టి పడుంటాయి, తర్వాత పట్టాలు తీసి అమ్మేస్తారు, బిల్డింగు ఊరి వాళ్లకో సొంతదారుకో పోతాది, లైన్ ఉన్న చోట సైకిల్ బాట పడతాది. ఈ మెట్లలో ఏ మెట్టు మీద నిలబడతారో మీరే నిర్ణయించుకోవాల. జనం బండి ఆగిపోయి గూడ్సు నడిచే కాలం తీసుకుంటే టికెట్ గది తలుపు మూసుంటాది కానీ గూడ్స్ షెడ్ పట్టా మాత్రం మెరుస్తా ఉంటాది, ఒక పట్టా మెరుపు ఇంకొకటి తుప్పు, అది కూడా చానా బాగుంటాది. నేను పట్టాలు తీసేసిన కాలం తీసుకున్నా, ఎందుకంటే ఫోటోలు అట్లనే ఉన్నాయి, రెండోది హెచ్‌ఓ పట్టాలు మనకు దిగుమతి సరుకు, ఖర్చు.

ఇంక కాలవ, రైలు ఒకే చోట ఎందుకున్నాయో తెలుసుకోకుండా పలక గీయొద్దు. టూలూజ్ నుంచి పడమటి దిక్కు గరోన్ నది లోయ వెంబడి పోయే కాలవ 193 కిలోమీటర్లు, 1856కు పూర్తయింది. టూలూజ్ నుంచి తూర్పుకు సముద్రం దిక్కు పోయేది కెనాల్ దు మిడి, అది ఇంకా చానా పాతది, పియర్ పాల్ రికే అనే ఆయన మొదలుపెట్టిచ్చింది, 1666 నుంచి 1681 దాకా తవ్వినారు, 240 కిలోమీటర్లు, 1996లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. రైలుకైనా పడవకైనా చదునైన నేల కావాల, లోయలో చదును ఉండేది ఒకటే దారి, కాబట్టి రెండూ పక్కపక్కనే పోతాయి. ఆడ రైలు వేసిన కంపెనీ 1852లో పుట్టింది, దాని పూర్తి పేర్లోనే రైలు మార్గాలూ ఉన్నాయి, గరోన్ పక్క కాలవా ఉంది, రెండూ వాళ్ల చేతికే ఇచ్చినారు. 1858లో కెనాల్ దు మిడి కూడా 40 ఏండ్లకు లీజుకు పట్టుకున్నారు. మీరే ఆలోచించండి, రైలు నడిపేవాడే కాలవ సుంకం వసూలు చేస్తా ఉంటే పడవలోళ్ల గతి ఏమైతాది. 1898లో గవర్నమెంటు వెనక్కి తీసుకునేసరికి సరుకంతా బండి ఎక్కేసింది.

మన కేసీ కెనాల్ కూడా 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ తవ్విందే, సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి కడప దాకా, సేద్యానికే కాదు పడవలకు కూడా అని. 1882లో గవర్నమెంటు కొనేసింది. మన దగ్గర పడవలు పోయినాయి, రైలు నిలిచింది. నేను చేసిన చోట రైలు పోయింది, కాలవ నిలిచింది, సరుకు పడవలు 1980లు దాటేసరికి ఆగిపోయినా టూరిస్టులు పడవలు బాడిగకు తీసుకోని తిరుగుతారు, దానికి లైసెన్సు కూడా అడగరు. నా మోడల్‌కు ప్రాణం ఇదే, ఒక పక్క చూసుకునే మనుషులున్న కాలవ, ఇంకో పక్క ఎవరూ చూసుకోని స్టేషన్, మధ్యలో మూడు సెంటీమీటర్ల బాట. ఆ రెండు పక్కల తేడా కనపడకపోతే మిగిలిందంతా ఎంత బాగా చేసినా దండగ అని నా నమ్మకం.

కొలతలు. ప్లాన్లు లేవు, ఆడికి పోయి టేపు పట్టే వీలు లేదు. మా అక్క కూతురికే చెప్పినాను, ప్రతి ఫోటోలో గోడకు ఆనుకోని నువ్వు నిలబడి ఇంకెవరితోనైనా తీయించుకో, ఫోన్ గోడకు నేరుగా ఎదురుగా పెట్టాల, పక్క నుంచి వద్దు అని. ఆమె 5 అడుగుల 3 అంగుళాలు, అంటే 160 సెంటీమీటర్లు. ఫోటోను ఫోన్లోనే పెద్దది చేసి ఆమె ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు, తలుపు ఎన్ని, గోడ ఎన్ని అని స్కేలుతో కొలిస్తే లెక్క వచ్చేస్తాది. లోపలికి దూకొద్దు, తలుపు తోయొద్దు, బయట బాట మీద నుంచి కనపడిందే చాలు అని గట్టిగా చెప్పినా, మీరూ ఎవరినైనా అడిగితే అట్లనే చెప్పండి, పాతబడిన మిద్దెల కింద నిలబడేది మంచిది కాదు.

ఇటుకలు లెక్కబెట్టి ఎత్తు కనుక్కునే పద్ధతి ఒకటి ఉంది, ఫ్రాన్సులో మామూలు ఇటుక 22 సెంటీమీటర్ల పొడవు, కానీ టూలూజ్ దిక్కు పాత ఇటుక వేరే, 42 పొడవు 28 వెడల్పు ఉండి మందం 5 మాత్రమే, పలక మాదిరి. నేను మామూలు ఇటుక అనుకోని లెక్కేస్తే తలుపు నాలుగు అడుగులు వచ్చింది! మనిషిని పెట్టి కొలిచేదే నమ్మకం.

పైనుంచి చూసే కొలతలకు గూగుల్ ఎర్త్‌లో రూలర్ ఉంది. దానికంటే మంచిది ఇంకొకటి, ఫ్రాన్సు మ్యాపుల సంస్థ ఐజీఎన్ వాళ్ల సైటు, పేరు రెమోంటె ల తాం, దాంట్లో 1950ల నాటి విమానం ఫోటోలు ఫ్రీగా చూడొచ్చు, అప్పటి ఫోటో ఇప్పటి ఫోటో పక్కపక్కన పెట్టి చూపిస్తాది. పట్టాలు ఎన్ని వరసలు ఉండేవి, గూడ్స్ షెడ్ యాడ, ఇప్పుడు కూలగొట్టింది ఏది అనేది దాంట్లో తేలిపోతాది. 1900 నుంచి 1914 మధ్య ఫ్రాన్సులో పల్లె స్టేషన్లకు కూడా పోస్టుకార్డులు అచ్చేసినారు, ఊరి పేరు కొట్టి పక్కన గార్ అని వెతికితే, గార్ అంటే స్టేషన్, చానాసార్లు దొరుకుతాయి, స్టేషన్ మాస్టరు, కూలీలు, గుర్రబ్బండి అందరూ వరసగా నిలబడి ఉంటారు.

స్కేలు లెక్క సులువు. హెచ్‌ఓలో 1 అడుగు అంటే 3.5 మిల్లీమీటర్లు, మనకు అడుగుల లెక్క అలవాటు కాబట్టి ఇదొకటి గుర్తు పెట్టుకుంటే చాలు. మీటర్లలో వస్తే 11.5తో గుణించండి, మిల్లీమీటర్లు వస్తాయి. మనిషి దాదాపు 19, తలుపు 25, పట్టాల మధ్య దూరం అసలుది 1435 మిల్లీమీటర్లు కాబట్టి మోడల్లో 16.5. పట్టాల కింద అడ్డంగా వేసే కర్ర స్లీపరు 2.60 మీటర్లు కాబట్టి 30.

పలక నేను తీసుకున్నది 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంటే 120 బై 45 సెంటీమీటర్లు. అసలులో ఇది 104 మీటర్లు బై 39 మీటర్లు, స్టేషన్ మొత్తం దీంట్లో పట్టదు, పట్టించాలని చూడొద్దు, బిల్డింగు, గూడ్స్ షెడ్ సగం, ప్లాట్‌ఫారం కొంచెం, అంతే. వెనక నుంచి ముందుకు నా లెక్క ఇది: ఊరి వైపు వాకిలి 5 సెంటీమీటర్లు, బిల్డింగు 9, ప్లాట్‌ఫారం 4, పట్టాలు ఉన్న నేల 10, చెట్ల వరస 4, కాలవ బాట 3, నీళ్లు 10. కాలవ అసలు వెడల్పు 18 మీటర్ల దాకా ఉంటాది, అంటే 20 సెంటీమీటర్లు దాటుతాది, మొత్తం పెడితే స్టేషన్‌కు చోటు ఉండదు, అందుకే కాలవను పలక ముందు అంచున మధ్యలో కోసేసినా. చూసేవాడు పడవలో నిలబడి చూస్తున్నట్టు ఉంటాది. లాకు, అంటే పడవను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే గేట్ల తొట్టి, పెట్టాలని నాకూ చానా ఆశ ఉండె, కానీ లెక్కేసినాక వదిలేసినా. 1879లో ఫ్రేసినె అనే మంత్రి తెచ్చిన చట్టం ప్రకారం పెద్ద కాలవల లాకులు కనీసం 39 మీటర్ల పొడవు, 5.20 వెడల్పు, దాంట్లో పట్టే సరుకు పడవ 38.5 మీటర్లు, హెచ్‌ఓలో లాకే 45 సెంటీమీటర్లు మింగేస్తాది. మీకు ఎనిమిది అడుగుల పలక పెట్టే చోటుంటే పెట్టుకోండి, కెనాల్ దు మిడి తీసుకుంటే మాత్రం లాకు గోడలు నేరుగా కాదు, గుడ్డు ఆకారంలో వంపు తిరిగి ఉంటాయి, మట్టి తోపుకు నిలబడాలని అట్ల కట్టినారు.

పలకకు 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద చుట్టూ అంగుళం బై రెండంగుళాల చెక్క ఫ్రేము, మధ్యలో రెండు అడ్డ పట్టీలు. రెండు పక్కలా ప్రైమర్ కొట్టాల, ఒక్క పక్కే కొడితే మన ఏప్రిల్ మే ఎండకు పలక పడవ మాదిరి వంగుతాది, నా మొదటి పలక అట్లనే పోయింది. దాని మీద గట్టి థర్మాకోల్ షీటు అతికించి, కాలవ ఉండే చోట మాత్రం 10 మిల్లీమీటర్ల లోతు కోసి తీసేయండి. థర్మాకోల్‌కు ఫెవికాల్ తప్ప ఇంకేమీ వాడొద్దు, చెప్పుల గమ్ము, స్ప్రే పెయింటు రెండూ దాన్ని కరిగించేస్తాయి.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే అందరూ తప్పేది ఈడనే. కాలవ నీళ్లు నది నీళ్లు కాదు. అల ఉండదు, నురగ ఉండదు, నీలం అసలే కాదు. ఆకుపచ్చ, మట్టి రంగు కలిసిన చిక్కటి రంగు, అడుగు కనపడదు. సాయంత్రం కేసీ కెనాల్ మీద గాలి లేనప్పుడు పోయి నిలబడి చూడండి, నీళ్లలో కనపడేది నీళ్ల రంగు కాదు, ఎదురు గట్టు, ఆకాశం. అదే మీరు చేయాల్సింది. అడుగున వాల్ పుట్టీ పల్చగా పూసి ఉప్పుకాగితంతో నున్నగా రుద్దండి, ఒక్క గీత ఉండకూడదు, నీళ్లల్లో గీత అంటే కన్ను ఆడికే పోతాది. గట్టు పక్క మట్టి కలిసిన పచ్చ, మధ్యకు వచ్చేకొద్దీ ముదురు పచ్చ, దాదాపు నలుపు, తడి మీదనే రెండు రంగులు ఒకదాంట్లోకి ఒకటి కలిపేయాల. ఆరినాక మెరుపు వార్నీషు, ఒక రోజుకు ఒక్క కోటు, ఆరు కోట్లు. అంతే, దాని లోతు మీకే ఆశ్చర్యం వేస్తాది.

ఎపాక్సీ రెజిన్ పోస్తే ఇంకా బాగుంటాది, నేను రెండోసారి అదే పోసినా, కానీ మన ఊర్లో జాగ్రత్త. రెజిన్ గట్టిపడేటప్పుడు దానికదే వేడెక్కుతాది, బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు మందంగా పోస్తే పొంగి పసుపు రంగు తిరిగి పగుళ్లు పడతాది, కింద థర్మాకోల్ కూడా మెత్తబడతాది. డిసెంబరు జనవరిలో పెట్టుకోండి, లేదంటే తెల్లారుజామున, 2 లేదా 3 మిల్లీమీటర్ల కంటే మందం పోయొద్దు, ఒక పొరకు ఇంకో పొరకు ఒక రోజు గ్యాపు. ముందు అంచుకు ప్లాస్టిక్ పట్టీ గట్టిగా అతికించి ఎం-సీల్‌తో మూయండి, రెజిన్ సూది బెజ్జం ఉన్నా కారిపోతాది. మొహానికి మాస్కు, చేతులకు గ్లౌజులు, కిటికీ తెరిచి. నీళ్ల మట్టం గట్టు రాయి కంటే 5 మిల్లీమీటర్లు కిందనే ఆగాల, అంటే అసలులో అడుగున్నర. గట్టు రాయి మొత్తం కాలవంతా ఉండదు, స్టేషన్ ఎదురుగా సరుకు దించే రేవు ఉన్న చోట మాత్రమే, మిగతా అంతా మట్టి వాలు, దాని మీద జమ్ము.

ఆ రేవు రాయికి మన బేతంచెర్ల రాయి పెట్టినా. పాలిష్ ఫ్యాక్టరీల బయట ముక్కలు గుట్టలు గుట్టలుగా పడుంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు, పల్చగా పెచ్చులు లేచే రాయి కాబట్టి కటింగ్ ప్లేయర్‌తో 11 బై 6 మిల్లీమీటర్ల ముక్కలు చేసుకోవచ్చు. పది ముక్కలు కొడితే నాలుగు పనికొస్తాయి. రంగు వేసే పని లేదు, రాయికి రాయే.

బిల్డింగు దగ్గరికి వస్తాం. ఫ్రాన్సు పల్లె స్టేషన్ మన స్టేషన్ మాదిరి పొడుగ్గా పడుకోని ఉండదు, నిలబడి ఉంటాది, మిద్దె ఇల్లు మాదిరి. కింద టికెట్ గది, జనం కూర్చునే గది, పైన స్టేషన్ మాస్టరు కాపురం. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క అచ్చు ప్లాను, ఊరి పెద్దతనాన్ని బట్టి క్లాసు, అందుకే ఒకే లైన్లో స్టేషన్లు అన్నీ అన్నదమ్ముల మాదిరి ఉంటాయి, మీది పూర్తిగా ఫోటో దొరక్కపోతే దాని పక్క స్టేషన్ చూసి పూరించుకోండి. తలుపులు రెండు పక్కలా ఒకే వరసలో ఉంటాయి, ఊరి వైపు నుంచి వచ్చి లోపల దాటి ప్లాట్‌ఫారం మీదికి పోయేటట్టు. ఊరి పేరు రెండు చివరి గోడల మీద ఉంటాది, బండ్లో కూర్చున్నోళ్లకు కనపడాలని, నీలం రేకు మీద తెల్ల అక్షరాలు. నేను ఫ్లెక్సీలు కొట్టే షాపులో స్టిక్కరు మీద అచ్చేయించినా, కత్తిరించిన అంచు తెల్లగా కనపడుతుంటే నీలం స్కెచ్ పెన్నుతో అంచు గీయండి.

నా బిల్డింగు అసలులో 10 బై 8 మీటర్లు, చూరు దాకా 7 మీటర్లు అని లెక్కేసుకున్నా, మోడల్లో 115 బై 92, ఎత్తు 80 మిల్లీమీటర్లు. గోడలకు 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డ్, ఫ్లెక్సీ షాపుల్లో బోర్డులకు వాడే తేలికైన నురగ షీటు. కిటికీలు ముందే కోసుకోవాల, గోడలు నిలబెట్టినాక కోస్తే మూలలు చెదురుతాయి. గోడంతా ఇటుక గీయాలని కూర్చుంటే ఇటుక వరస ఒక మిల్లీమీటరు కూడా రాదు, కండ్లు పోతాయి, అవసరం కూడా లేదు, గోడ సున్నపు గచ్చు, ఇటుక లేదా చెక్కిన రాయి మూలల్లో, కిటికీల చుట్టూ మాత్రమే. మూలల్లో ఒకటి పొడుగు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు ఒకటి పొట్టి, మందపాటి డ్రాయింగ్ షీటు ముక్కలు అతికించండి. గచ్చుకు వాల్ పుట్టీలో కొంచెం పసుపు మట్టి రంగు కలిపి పాత టూత్ బ్రష్‌తో తట్టండి, బ్రష్‌తో పూస్తే గీతలు పడతాయి, తట్టితేనే గచ్చు.

పైకప్పు పెంకుల గురించి నాకు తెలిసినప్పుడు నేను శానా సంతోషపడిన సంగతి ఒకటుంది. ఫ్రాన్సు స్టేషన్ల మీద ఎక్కువగా కనపడే ఒకదాంట్లో ఒకటి కూర్చునే పెంకును 1841లో గిలార్దోనీ అన్నదమ్ములు పేటెంట్ చేసినారు, అదే జాతి పెంకును 1865 నుంచి మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంఘం వాళ్లు చేయడం మొదలుపెట్టినారు, అదే మన మంగళూరు పెంకు. కాబట్టి మన పాత రైల్వే క్వార్టర్లు, పాత బళ్లు, యాడ మంగళూరు పెంకు ఉన్నా పోయి నిలబడి చూడండి, వరస యాడ పగులుతాది, నాచు ఏ గాడిలో పడతాది, జారిన పెంకు కింద ఏం కనపడతాది అంతా ఈడనే నేర్చుకోవచ్చు. ఆ ప్రాంతం ఇండ్ల మీద మాత్రం మన నాటు పెంకు మాదిరి సగం గొట్టం పెంకు ఉంటాది, స్టేషన్ వెనక ఊరి ఇండ్లు పెట్టేటట్టయితే తేడా చూపించండి. మోడల్లో పెంకుకు నేను గాడులున్న అట్ట వాడినా, ప్యాకింగ్ అట్ట పై కాగితం తడిపి ఊడదీస్తే లోపల గాడులు వస్తాయి, కానీ అవి పెద్దవి, సన్న గాడుల అట్ట, మిఠాయి డబ్బాల్లో వచ్చేది, తీసుకోండి. 4 మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి కింద నుంచి పైకి ఒకదాని మీద ఒకటి.

గూడ్స్ షెడ్ వేరే బిల్డింగు, కర్ర తలుపులు పక్కకు జరిగేవి, చూరు రెండు మీటర్లు ముందుకు వచ్చి ఉంటాది, వానలో ధాన్యం దించుకోడానికి. దాని అరుగు 1 మీటరు ఎత్తు, అంటే 11.5 మిల్లీమీటర్లు, వ్యాగను నేల మట్టానికి. జనం ప్లాట్‌ఫారం మాత్రం మన మాదిరి ఎత్తు పెట్టొద్దు, ఆడ పాత పల్లె ప్లాట్‌ఫారాలు మోకాలి కంటే కింద, మోడల్లో 4 మిల్లీమీటర్లు చాలు. మనకు చేయి అలవాటుగా ఎత్తు పెట్టేస్తాది, నేనూ పెట్టి మళ్లా పీకినా. మరుగుదొడ్డి, దీపాల గది కలిసి చిన్న గది ఒకటి పక్కన వేరేగా ఉంటాది, అది మర్చిపోవద్దు, ఎనిమిది అడుగుల చదరం గది, కానీ అది లేకపోతే స్టేషన్ ఇల్లయిపోతాది.

పట్టాలు తీసేసిన నేల. కంకర అసలులో రెండు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు, 87వ వంతు అంటే అర మిల్లీమీటరు, సరిగ్గా బొంబాయి రవ్వ సైజు. మొదటిసారి నేను రవ్వే చల్లి రంగేసినా, వారంలో చీమలు, వానకాలంలో బూజు, మొత్తం గీకి పారేసినా, తినే వస్తువు ఏదీ మోడల్లో వాడొద్దు. క్రషర్ దగ్గర రాతి పొడి తెచ్చి పిండి జల్లెడలో ఒకసారి, టీ జాలిలో ఒకసారి జల్లిస్తే రెండింటికి మధ్య మిగిలేది మీ కంకర. పరిచి, చుక్క షాంపూ కలిపిన నీళ్లు పొగమంచు మాదిరి స్ప్రే చేసి, ఫెవికాల్ ఒక వంతు నీళ్లు మూడు వంతులు కలిపి సిరంజితో చుక్కలు వేయండి. తడి ఆరకముందే 30 మిల్లీమీటర్ల పుల్లతో 7 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున అచ్చులు ఒత్తండి, స్లీపర్లు పీకేసిన గుర్తులు. అన్నీ ఒత్తొద్దు, మధ్యమధ్యలో చెరిగిపోవాల. రెండు మూడు కుళ్లిన స్లీపర్లు పక్కకు పడేసినట్టు పెట్టండి. గూడ్స్ షెడ్ ముందర రాళ్లు పరిచిన చోట ఒక జానెడు పట్టా పూడిపోయి మిగిలినట్టు పెట్టినా నేను, అది పీకాలంటే రాళ్లన్నీ లేపాల కాబట్టి వదిలేసినారు అని నా ఊహ.

శిథిలం చేసేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి, ప్రతి మరకకు ఒక కారణం చెప్పగలగాల. నేను నోట్‌బుక్కులో రాసుకున్నా. ఎడమ మూల నీళ్ల గొట్టం ఊడింది, కాబట్టి ఆ మూల మాత్రమే పచ్చ చార పై నుంచి కింద దాకా. నేల తేమ పైకి ఎగబాకుతాది, కాబట్టి కింద మీటరు ఎత్తు గచ్చు ఉబ్బి రాలింది, మోడల్లో 11 మిల్లీమీటర్లు. ఉత్తరం గోడకు ఎండ తగలదు, నాచు అటే. కిటికీ కింద తుప్పు కన్నీరు మాదిరి కారింది, ఆడ తలుపు రెక్కలు పట్టే ఇనుప కొక్కెం ఉండె కాబట్టి. సిమెంటు దిమ్మెలు గోడ కంటే కొత్తవి, బూడిద రంగు, శుభ్రంగా ఉండాల, అదే కదా స్టేషన్ తర్వాత మూసినారు అని చెప్పేది, వాటికి కూడా మకిలి పూస్తే ఆ సంగతి చెడిపోతాది. గోడమీద ఒక చోట లేత రంగు చదరం వదలండి, గడియారమో నోటీసు బోర్డో పీకిన గుర్తు.

మొక్కలు. మనకు పాడుబడిన చోటు అనంగానే జిల్లేడు, సర్కారు తుమ్మ మనసులోకి వస్తాయి, నల్లమలలో పాత మీటర్ గేజ్ లైన్ పోయిన దారి, దొరబావి వంతెన దిక్కు చూసినోళ్లకు ఆ కంప ఎట్లుంటాదో తెలుసు, కానీ ఆడ వచ్చేవి వేరే. కంకర మీద మొదట వచ్చేది బడ్లియా అనే పొద, ఊదా రంగు పూల కంకులు. గుట్ట మాదిరి కప్పేసేది ముండ్ల తీగ, విల్లు మాదిరి వంగి నేలకు తగిలిన చోట మళ్లా వేరు వేస్తాది. గోడ ఎక్కేది ఐవీ, ముదురు పచ్చ, నేల నుంచి పైకి వెడల్పుగా మొదలై సన్నబడతాది. కట్ట వాలు మీద రోబీనియా చెట్లు, మట్టి జారకుండా రైల్వేవాళ్లే నాటినవి. పాత స్పాంజి మిక్సీలో నీళ్లతో తిప్పి, పిండి, నాలుగు రకాల పచ్చలు కలిపి ఆరబెడితే ఆకులు రెడీ, మిక్సీ జార్ పాతది వేరేగా పెట్టుకోండి, ఇంట్లో గొడవ అయితాది.

కాలవ పక్క మాత్రం కత్తెర పట్టి కోసినట్టు, గడ్డి పొట్టి, చెట్లు వరస. ప్లేన్ చెట్లు, 20 నుంచి 25 మీటర్లు, మోడల్లో 23 నుంచి 29 సెంటీమీటర్లు, అంత ఎత్తు పెట్టడానికి భయపడతాం కానీ పెట్టాల, బిల్డింగు చిన్నగా కనపడేది అందువల్లే. కరెంటు తీగ లోపలి రాగి పోగులు పురి తిప్పి బోదె, కొమ్మలు చేసి పుట్టీ పూసి, లేత బూడిద మీద పసుపు, పచ్చ మచ్చలు వేయండి, దాని బెరడు పెచ్చులు ఊడి మచ్చలు మచ్చలుగా ఉంటాది. మీరు 2006 తర్వాత కాలం తీసుకొని కెనాల్ దు మిడి చేస్తుంటే ఒక బాధ కూడా చూపించాల, ఆ సంవత్సరం ఆ చెట్లకు మందు లేని బూజు తెగులు బయటపడింది, దాదాపు 42 వేల చెట్లు ఉండేవి, వేలకు వేలు కొట్టేయాల్సి వచ్చింది. వరసలో ఖాళీలు, మొదళ్లు, మధ్యలో కొత్త మొక్కకు కట్టిన కర్ర, ఇవి పెట్టండి.

ఫోటో తీసేటప్పుడు నాకు నెల రోజులు అర్థం కాలేదు, అన్నీ సరిగ్గా ఉన్నా అది కర్నూలు మాదిరే ఉంది ఎందుకబ్బా అని. వెలుతురు. టూలూజ్‌లో మార్చి, సెప్టెంబరు నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు 46 డిగ్రీల ఎత్తే ఎక్కుతాడు, చలికాలంలో 23. మన కర్నూల్లో అదే మార్చిలో 74, నెత్తి మీద. నీడలు ఆడ పొడుగు. కాబట్టి మన ఎండలో ఉదయం తొమ్మిదిన్నర లోపల, లేదంటే సాయంత్రం మూడున్నర తర్వాత, బయట పెట్టి తీయండి, ఎండ స్టేషన్ దక్షిణం గోడ మీద పడేటట్టు పలకను తిప్పుకోండి. ఫోన్ కాలవ బాట మీద నిలబడిన 19 మిల్లీమీటర్ల మనిషి కన్ను ఎత్తుకు దించండి, ఫోన్ తలకిందులు పెడితే కెమెరా నేలకు దగ్గర అయితాది. ఐదు నిమిషాల కంటే ఎండలో వదలొద్దు, థర్మాకోల్ ఉంది.

చివరిది మూత. మన దుమ్ముకు వారం చాలు, వార్నీషు నీళ్లు మట్టి గుంట అయిపోతాయి, తుడిస్తే గీతలు. యాక్రిలిక్ షీటు 3 మిల్లీమీటర్లది, షాపులో కొలత ఇచ్చి కోయించుకోండి, పలక కంటే నాలుగు పక్కలా 5 మిల్లీమీటర్లు ఎక్కువ, ఎత్తు 35 సెంటీమీటర్లు, చెట్టు కొన తగలకుండా. కింద నాలుగు మూలల్లో వేలు పట్టే చోటు వదిలి, పలక కాళ్ల కింద చీమలకు నీళ్లు పోసిన గిన్నెలు పెట్టండి, రవ్వ వాడకపోయినా అవి వస్తాయి.